బోర్లించిన దోనె

ఏలూరు పవర్‌పేటలో టీ కొట్టు దగ్గర నిలబడితే కొండబాబుకి ఇప్పటికీ రెండు రకాల మనుషులు తగులుతుంటారు. మొదటి రకం "లంక దోనె ఆట చేసింది మీరేనాండీ?" అని చెయ్యి కలుపుతారు. రెండో రకం కూడా అదే అడిగి, కలిపిన చెయ్యి వదలకుండా "రెండో భాగాన్ని ఎందుకండీ అలా తగలేశారు?" అంటారు. మా వైపు మర్యాద అలాంటిది, దుమ్మెత్తి పోసేటప్పుడు కూడా 'అండీ' మర్చిపోరు. కొండబాబు ఇద్దరికీ ఒకటే నవ్వు నవ్వి, టీ సగంలో వదిలేసి నడిచిపోతాడు. రెండో భాగం తను చెయ్యలేదని వాళ్ళకు చెప్పడు. చెప్పాలంటే మొదటి భాగం సంగతి చెప్పాలి. అది మరీ కష్టం.

అతనికిప్పుడు ముప్పై ఆరేళ్ళు. పుట్టింది కొల్లేటి లంకల్లో ఒక ఊళ్ళో. ఊరి పేరు రాయను, ఎందుకు రాయనో ముందుకు పోతే మీకే తెలుస్తుంది. చేపలు పట్టుకుని బతికే ఇల్లు. తాటిమొద్దు తొలిచి చేసిన దోనె ఒకటి, పది పన్నెండు మావులు, అదీ ఆస్తి. మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన చేపల బుట్ట. లోపలికి దూరిన చేప మళ్ళీ బయటికి రాలేదు. కొండబాబుకి పదకొండేళ్ళప్పుడు తండ్రి పోయాడు. ఆ తర్వాత తల్లి కాంతం ఎవరెవరి చేపల చెరువుల మీదో మేత బస్తాలు మోసి, పట్టుబడి రోజుల్లో చేపలు ఏరి, కొడుకుని తాడేపల్లిగూడెంలో కంప్యూటర్ డిప్లొమా దాకా నెట్టుకొచ్చింది.

గూడెంలో పక్క బెంచీ మీద కూర్చున్నవాడు హేమంత్‌కుమార్. ఆ ఊరిని ఆనుకుని పాతిక ఎకరాల వరిచేను ఉన్న ఇంటి బిడ్డ. మాటకారి, మంచివాడు కూడా. ఈ కథలో చెడ్డవాడి కోసం వెతికేవాళ్ళకి నేను హేమంత్‌ని అప్పగించను. వానల్లో కొండబాబుని బండెక్కించుకుని రూము దగ్గర దింపినవాడు, జ్వరమొస్తే ఇంటినుంచి జావ కాయించి తెచ్చినవాడు అతనే.

చదువయ్యాక కొండబాబు ఏలూరులో చేపల మేత అమ్మేవాళ్ళ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఏ చెరువుకి ఏ రకం మేత వెళ్ళిందో ఎక్కించడం పని. ఆదివారాలు మాత్రం సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి ముందేసుకుని ఫోన్ ఆటలు చెయ్యడం నేర్చుకున్నాడు. పెళ్ళిళ్ళకు పోలేదు, సినిమాలకు పోలేదు, నాలుగేళ్ళ ఆదివారాలు దానికే ధారపోశాడు. చివరికి అది 'లంక దోనె' అయింది. బొమ్మలు గీసిపెట్టింది గణపవరం అమ్మాయి లక్ష్మీదుర్గ. మిగతా హంగులు హేమంత్ చూసుకున్నాడు. పవర్‌పేటలో ఒక ట్యూషన్ సెంటర్ పైన గది తీసుకుని బోర్డు పెట్టించాడు.

ఆ ఆటలో ఒక ఆడమనిషి దోనె తోసుకుంటూ కొల్లేట్లో తిరుగుతుంది. కిక్కిస గడ్డి మధ్య మావులు దించుతుంది, ఎత్తుతుంది. కొర్రమీను, వాలుగ, జెల్ల పడతాయి. ఇంతే. కాల్చడాలు లేవు, పందేలు లేవు, గెలవడం కూడా లేదు. తెరవగానే ఒక బొమ్మ కనిపిస్తుంది. గట్టు మీద బోర్లించిన దోనె, దాని కింద నీడలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న పిల్లాడు. ఆ పిల్లాడు కొండబాబే. ఆరేళ్ళప్పుడు ఒక వానాకాలమంతా వాళ్ళ దోనె గట్టు మీద అలా బోర్లించి ఉండటం, దాని కింద దూరి తను ఇల్లు కట్టుకున్నట్టు ఆడుకోవడం అతనికి బాగా గుర్తు. అంత హాయిగా తను మరే ఇంట్లోనూ లేనని చెప్పుకునేవాడు.

కానీ జనాన్ని పట్టేసింది మూడు రోజుల సంగతి. ఆట సాగుతుండగా ఉన్నట్టుండి ఊరి చాటింపు టముకు మోగుతుంది. తమ్మిలేటి నుంచి కొత్తనీళ్ళు ఎర్రగా దిగుతాయి. తెర మీద రెండు వాక్యాలు వస్తాయి: "చేపలు పుట్టింటికి వెళుతున్నాయి. మూడు రోజులు మావులు ఎత్తి ఉంచండి." ఇక చేప పట్టడం కుదరదు. అవి ఆటలో దొర్లిపోయే రోజులు కావు, మన గోడ మీద గడియారం చూపించే మూడు రోజులు. అప్పుడు ఊరికే దోనె తోసుకోవచ్చు, మావుకి ఊడిన పుల్ల బిగించుకోవచ్చు, నీళ్ళలో కలువలకి కాసే అల్లికాయలు కోసుకోవచ్చు. ఎదురెక్కే చేపలు దోనె పక్కనుంచే మెరుస్తూ పోతుంటే చూస్తూ కూర్చోవచ్చు.

ఫోన్ ఆటలో మూడు రోజులు ఆగమంటే ఎవడాగుతాడ్రా అని హేమంత్ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఆగారు. అందరూ కాదు గానీ ఆగినవాళ్ళు మాత్రం ఆ ఆటకి దాసోహమైపోయారు. చింతలపూడి బస్సు కండక్టరొకాయన, ఆ మూడు రోజులూ తను ప్రయాణికుల మీద అరవలేదని రాశాడు. ఉండి నుంచి ఒక నర్సమ్మ, డ్యూటీ దిగాక చేపలు ఎదురెక్కడం చూస్తే గానీ తనకి అన్నం సయించడం లేదని రాసింది. ఇలాంటి ఉత్తరాలన్నీ కొండబాబు అచ్చు తీయించి ఒక ఫైలులో పెట్టుకున్నాడు.

ఈ మూడు రోజుల సంగతి అతనికి ఇచ్చింది కాంతమే. చిన్నప్పుడు టముకు మోగిన రోజు తండ్రి మావులన్నీ ఎత్తి గట్టు మీద పేర్చేవాడు. చేప కావాలని ఇతను మారాం చేస్తే కాంతం ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "చేపలు గుడ్లు పెట్టుకోడానికి పుట్టింటికెళ్తున్నాయిరా నాన్నా. కడుపుతో ఉన్న ఆడపడుచుని దార్లో ఆపుతామా? మూడ్రోజులాగు" అనేది. ఆ మాట అతని మనసులో అలాగే నాటుకుపోయింది. ఇంత గొప్ప కట్టుబాటు తన ఊళ్ళో ఉందని అతనికి ఎక్కడలేని గర్వం. "మా వాళ్ళు చేపని ఆకలితో పట్టలేదండీ, మర్యాదతో పట్టారు" అని, తల్లి చెప్పిన మాట కూడా కలిపి, ఒకసారి విలేకరితో అన్నాడు. అది పేపర్లో పెద్దక్షరాలతో పడింది. ఆ ముక్క కూడా ఫైల్లో ఉంది.

అయిదేళ్ళు గడిచాక రెండో భాగం మొదలుపెట్టారు. అప్పుడు వచ్చింది గొడవ.

"రెండోదాంట్లో మూడు రోజులు ఉండవురా" అన్నాడు హేమంత్ ఒక సోమవారం ఉదయం, ఇడ్లీ పొట్లం విప్పుతూ.

"అయితే అది రెండోది కాదు" అన్నాడు కొండబాబు.

"పేరు అదే, దోనె అదే, కొల్లేరు అదే. ఇంకేం కావాలి?"

"ఇంటిపేరు అలాగే ఉంచి ఇంట్లో మనుషుల్ని మార్చేస్తే, వచ్చిన చుట్టాలు ఎవరింటికొచ్చామనుకోవాలి?"

"చుట్టాల సంగతి నాకు చెప్తావేంటి? వందమంది చుట్టాలొస్తే టముకు మోగగానే డెబ్భై మంది లేచి పోతున్నారు. మళ్ళీ గుమ్మం తొక్కట్లేదు. మిగిలిన ముప్పై మందీ నీకు ఉత్తరాలు రాస్తున్నారు. నువ్వేమో ఫైలు కడుతున్నావు."

"రెండోది ఆ ముప్పై మంది కోసమేరా. మొదటిది ఇచ్చినప్పుడే వాళ్ళకి మనం మాటిచ్చినట్టు. మూడు రోజులు తీసేస్తే మిగిలేది ఒట్టి చేపల ఆట. అలాంటివి ఫోన్లో లక్ష ఉన్నాయి."

హేమంత్ చేతులు తుడుచుకున్నాడు. "మొదటిదే మళ్ళీ ఇచ్చేటప్పుడు రెండు అని అంకె వెయ్యడం ఎందుకు? ఒక్క మాటడుగుతాను చెప్పు. కొల్లేరే ఉన్నట్టు ఉందా? మీ ఊళ్ళో ఇప్పుడు మావులు వేసేవాళ్ళు ఎంతమందున్నారు? చుట్టూ చేపల చెరువులేగా. కొల్లేటికి రెండో భాగం ఆ చెరువులేరా. వాటిలో నీ మూడు రోజులు ఎక్కడున్నాయి?"

కొండబాబుకి ఈ మాట గట్టిగా తగిలింది. తగిలినవాడు ఊరుకోవాలి కదా, ఊరుకోలేదు. కొల్లేరు పాడైతే పాడైంది, ఆటలోనైనా అసలు కొల్లేరు ఉండాలి, అందుకే కదా ఆట అన్నాడు. హేమంత్ అసలంటే ఏంటన్నాడు. రెండు నెలలు ఇదే వరస. ఇద్దరి మధ్యా నలిగిపోయింది లక్ష్మీదుర్గ. ఇద్దరి మాటా తనకి సబబుగానే ఉందండీ అని పాపం ఒకసారి నోరు జారితే, ఇద్దరూ కలిసి ఆమెనే కసిరారు.

చివరికి కొండబాబే పందెం కాశాడు. "మా అమ్మని తీసుకొస్తాను. కొల్లేరు గురించి నీకంటే నాకంటే ఆవిడకి తెలుసు. ఆవిడ ఉంచమంటే ఉంచుతావా?"

"ఉంచుతాను. తీసెయ్యమంటే?"

"నోరు మూసుకుంటాను."

నిజానికి కాంతం ఆ ఆటని సరిగ్గా చూసిందే లేదు. అయిదేళ్ళ కిందట కొడుకు ఫోన్ చూపిస్తే, దోనె కదలడం చూసి "బావుందిరా" అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. చదువు రాదు కనుక తెర మీద అక్షరాలు ఆమెకి అందలేదు. తర్వాత అతనూ చూపించలేదు. తల్లికి తెలియనిది అందులో ఏముందనుకున్నాడు. ఇప్పుడు కూడా ఏం చెప్పాలో ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి తీసుకొస్తే అది సాక్ష్యం ఎలా అవుతుందని అతని బడాయి.

కాంతం కైకలూరు బస్సులో పదింటికల్లా దిగింది. ఉతికిన నేత చీర కట్టుకుని, స్టీలు క్యారేజీలో కొర్రమీను పులుసు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. హేమంత్ లేచి ఎదురెళ్ళాడు. "రండి పిన్నిగారూ, ఇలా ఫ్యాను కింద కూర్చోండి. దుర్గగారూ, మంచినీళ్ళు" అని హడావుడి చేశాడు. మొదటి భాగాన్ని గోడకున్న పెద్ద టీవీలో పెట్టారు.

బోర్లించిన దోనె కనిపించగానే కాంతం కళ్ళు చిట్లించి చూసింది.

"ఇది మన దోనే కదరా" అంది.

"అవునమ్మా. కింద కూర్చుంది నేను."

"ఇదెందుకు పెట్టావు?"

ఆ ప్రశ్న కొండబాబుకి అర్థం కాలేదు. మురిసిపోయి అడుగుతోందనుకున్నాడు. "నాకిష్టమని" అన్నాడు. కాంతం తెర వైపే చూస్తూ మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

దోనె కదిలింది. కిక్కిస ఊగింది. కాంతం ముఖం కాస్త విచ్చుకుంది. మావు దించే చోటు తప్పని, గడ్డి పల్చగా ఉన్నచోట దించాలని కూడా చెప్పింది. లక్ష్మీదుర్గ రాసుకుంది. అంతలో టముకు మోగింది. కాంతం చేతిలో గ్లాసు కింద పెట్టేసింది. కొండబాబు తెర మీది అక్షరాలు పైకి చదివి వినిపించాడు. చేపలు పుట్టింటికి వెళుతున్నాయి.

"పిన్నిగారూ" అన్నాడు హేమంత్, "కొత్త ఆటలో ఈ మూడు రోజులు ఉంచమంటారా, తీసెయ్యమంటారా? మా ఇద్దరికీ తగువు తెగట్లేదండి. మీరెలా చెప్తే అలా చేస్తాం."

"తీసెయ్యండి బాబూ" అంది కాంతం.

హేమంత్ కూడా బిత్తరపోయాడు. కొండబాబు తల్లి మోకాలి మీద చెయ్యి వేసి, "అమ్మా, సరిగ్గా విన్నావా? మూడు రోజులు మావులు ఎత్తి ఉంచేది. నువ్వే కదా నాకు చెప్పావు" అన్నాడు.

"నేనే చెప్పాను. చేప కావాలని ఏడుస్తుంటే ఏదో ఒకటి చెప్పాలి కదరా."

కాంతం కొడుకుని వదిలేసి హేమంత్ వైపు తిరిగింది. బయటివాడికి చెప్పడం ఆమెకి సులువైనట్టుంది.

"కొత్తనీళ్ళొచ్చిన మూడ్రోజుల్లో పడినంత చేప ఏడాది పొడుగునా పడదు బాబూ. ఆ మూడ్రోజులూ ఊళ్ళో కొల్లేటి మీద వాటా ఉన్న ఇళ్ళోళ్ళవి. పెద్దలు టముకేయించేవారు. వాటా లేనోళ్ళు మావులు ఎత్తేసుకోవాలి. దించితే తప్పేసి డబ్బులు కట్టిస్తారు. వాళ్ళు దోనెల నిండా పట్టుకెళ్తుంటే మేం గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళం. అల్లికాయలు ఉడకేసి పిల్లాడికి పెట్టేదాన్ని."

అల్లికాయలు కోసే బొమ్మ అప్పుడే తెర మీద నడుస్తోంది. పూల రంగులు బాగా కుదిరాయని ఎందరో మెచ్చుకున్న బొమ్మ అది. లక్ష్మీదుర్గ రిమోట్ కోసం బల్ల మీద తడుముకుంది.

"మరి దోనె?" అన్నాడు కొండబాబు. అడగకుండా ఉండాల్సింది.

"మీ నాన్న ఆ ఏడు ఉండబట్టలేక రెండు మావులు దించాడురా. పట్టేసుకున్నారు. మావులన్నీ కాళ్ళతో తొక్కేశారు. దోనె గట్టెక్కించి బోర్లించారు. ఆ ఏడంతా నీళ్ళలో పెట్టకూడదన్నారు. మళ్ళీ వానాకాలం దాకా పెట్టనివ్వలేదు. మీ నాన్న ఒంటికి ముద్ద పట్టనిది అప్పట్నించే." కాంతం కొంగుతో మెడ తుడుచుకుంది. "నువ్వు దాని కింద దూరి ఆడుకుంటుంటే ఆయన చూడలేక అటు తిరిగి పడుకునేవాడు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"పెద్దాడివయ్యావు కదా, తెలిసే ఉంటుందనుకున్నా. మన ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు."

ఎవర్నీ అడగలేదు కొండబాబు. అసలు కొల్లేరు, అసలు కొల్లేరు అని రెండు నెలలు గొంతు చించుకున్నవాడు, ఆ అసలేమిటో తన ఇంట్లో కూడా అడగలేదు. అడగాలని తోచనంత ఇష్టం పెంచుకున్నాడు దాని మీద. నాకు అతని మీద జాలి ఉంది గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం కోపమే ఎక్కువ. పేపర్లో అచ్చయిన ఆ మర్యాద మాటని ఊళ్ళో ఎంతమంది చదివి ఉంటారు, వాటా లేని ఇళ్ళవాళ్ళు ఏమనుకుని ఉంటారు?

మధ్యాహ్నం అందరూ కొర్రమీను పులుసుతో అన్నం తిన్నారు. బావుందండీ పిన్నిగారూ అని హేమంత్ రెండుసార్లు అన్నాడు. లక్ష్మీదుర్గ మధ్యలోనే లేచి చెయ్యి కడుక్కుంది. కొండబాబు తల్లిని బస్సెక్కించి వచ్చి, ఫైలు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

అన్న మాట ప్రకారం నోరు మూసుకున్నాడు. వారం రోజులు ఆఫీసు మొహం చూడలేదు. ఎనిమిదో రోజు హేమంతే వెతుక్కుంటూ వచ్చాడు, ముఖం వెలిగిపోతూ.

"నువ్వే గెలిచావురా. మూడు రోజులు ఉంచుతున్నాను."

"అమ్మ వద్దంది కదా."

"అమ్మగారు చెప్పింది విన్నాక వారం నుంచి నాకు నిద్ర లేదు. అంత కథని వదిలేస్తామా? ఆవిడ చెప్పింది చెప్పినట్టే పెడదాం. టముకు మోగుతుంది. ఊరి పెద్ద గొడుగేసుకుని గట్టు మీదికొస్తాడు. వాటా ఉన్నవాళ్ళు మావులు దించుకోవచ్చు. లేనివాళ్ళు మూడు రోజులు కూర్చుని చూడాలి."

"వాటా ఎలా వస్తుంది?"

"కొనుక్కోవచ్చు" అన్నాడు హేమంత్, కొంచెం మెల్లగా. "బంగారు తెడ్డు అని పెడుతున్నాం. అది కొన్నవాడికి వాటా ఉన్నట్టు. ఆగేవాడు ఆగుతాడు, ఆగలేనివాడు కొనుక్కుంటాడు. లేచిపోయే ఆ డెబ్భై మందీ నిలబడతారు."

"అమ్మ కడుపు మాడిన రోజుల్ని అమ్ముతావా?" అన్నాడు కొండబాబు.

"నువ్వు అమ్మలేదా?" అన్నాడు హేమంత్. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. "నువ్వు ముద్దుగా చేసి అమ్మావు. నేను ఉన్నదున్నట్టు పెడుతున్నాను. అసలుదానికి కట్టుబడి ఉండాలని రెండు నెలలు నా చెవిలో ఇల్లు కట్టుకుని అరిచావు కదరా. ఇంతకంటే అసలు ఏముంటుంది?"

దీనికి జవాబు కొండబాబు ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాడు. మొదటి భాగం అబద్ధం, కానీ దాన్ని ప్రేమతో చేశాడు. రెండోది అక్షరాలా నిజం, కానీ దాన్ని అమ్మకానికి పెట్టారు. ఏది దేనికి కట్టుబడి ఉన్నట్టు? తన పేరు తీసెయ్యమన్నాడు. హేమంత్ బతిమాలాడు, గడ్డం పట్టుకున్నాడు, చివరికి తీసేశాడు. ఒక్క షరతు మాత్రం కొండబాబు పట్టుబట్టి నెగ్గించుకున్నాడు. ఆ బోర్లించిన దోనె బొమ్మ రెండోదాంట్లో ఉండకూడదన్నాడు. లక్ష్మీదుర్గ దాని బదులు బంగారు తెడ్డు గీసింది.

'లంక దోనె రెండు' బ్రహ్మాండంగా నడిచింది. పాత ముప్పై మందీ మండిపడ్డారు. దోనె ఆత్మని అమ్ముకున్నారని, పుట్టింటికి వెళ్ళే చేపల దారిలో టోల్‌గేటు పెట్టారని రాశారు. చింతలపూడి కండక్టరు ఒక పెద్ద ఉత్తరం రాశాడు: మీ అమ్మగారు చెప్పిన ఆచారానికి మీరే ద్రోహం చేశారండీ అని. ఆ ఉత్తరాన్ని హేమంత్ కొండబాబుకి పంపాడు. కొండబాబు దాన్ని ఫైల్లో పెట్టలేదు, పారెయ్యనూ లేదు. చొక్కా జేబులో వారం రోజులు తిరిగి, చాకిరేవులో నానిపోయింది.

ఇప్పుడతను ఒక ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళకి కూలీల హాజరు వేసే సాఫ్ట్‌వేర్ చూసిపెడుతున్నాడు. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి వెళ్ళారు, అంతే. దానికి రెండో భాగం అడిగేవాళ్ళు లేరని నవ్వుతాడు. ఆ నవ్వు చూడబుద్ధి కాదు.

మొన్న జులైలో ఊరికెళ్ళాడు. కొత్తనీళ్ళు దిగిన వారం. చెరువుల గట్ల మధ్య మిగిలిన కాస్త కాలువలోంచి ఎర్రనీళ్ళు పోతున్నాయి. టముకు ఇప్పుడెవరూ వెయ్యరు. వేసినా ఎత్తడానికి ఎవరింట్లోనూ మావులు లేవు. కాంతం పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు బాగు చేస్తోంది. చెరువు చేపలు, కొన్నవి.

"ఆ రెండో ఆట చూపించరా" అంది ఉన్నట్టుండి.

"ఎందుకమ్మా?"

"పక్కింటి పిల్ల ఆడుతుంటే టముకు వినపడింది. చూపించు."

ఫోన్ తీసి పెట్టాడు. కాంతం చేతులు తడిగా ఉన్నాయని తనే పట్టుకుని చూపించాడు. దోనె వచ్చింది, కిక్కిస వచ్చింది, టముకు మోగింది. గట్టు మీదికి గొడుగేసుకుని పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు.

"ఏమంటున్నాడు?"

"మూడు రోజులు ఆగమంటున్నాడు. లేదా బంగారు తెడ్డు కొనుక్కోమంటున్నాడు."

"కొంటే దించుకోనిస్తాడా?"

"ఆ."

"కొనలేనోళ్ళు?"

"చూస్తూ కూర్చోవాలి."

కాంతం తెర వంక ఇంకాసేపు చూసింది. అవతలి దోనెలు ఒకదాని వెనక ఒకటి చేపల బరువుతో వెళుతున్నాయి. "ఇదిగో, ఇప్పుడొచ్చిందిరా మన ఊరు" అంది. "మొదటిదాంట్లో లేదు. ఆ పెద్దాయన నిలబడ్డం కూడా అలాగే ఉంది. హేమంత్ బాబు మంచి పనోడు." మెచ్చుకుంటున్నట్టే అంది. కొండబాబు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అయిదేళ్ళకి పైగా ఎదురుచూసిన మెప్పు వచ్చింది, వేరేవాడికి.

"ఆడతావా?" అన్నాడు.

"నేనాడేశాన్లే. తీసెయ్."

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కాంతం మళ్ళీ చేప అందుకుని పొలుసు గీకడం మొదలుపెట్టింది. లేచి వెళ్ళిపోదామని చెప్పుల్లో కాళ్ళు పెట్టిన కొండబాబు మళ్ళీ కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగనిది అప్పుడడిగాడు.

"అల్లికాయలు నాకు పెట్టేదాన్నన్నావు కదమ్మా. ఆ మూడ్రోజులూ మరి నువ్వేం తిన్నావు?"

కాంతం చేతిలో చేపని తిరగేసి రెండో వైపు గీకసాగింది.

"నీకు పెట్టాను కదరా" అంది.